చేతికందే బంతి

మా నాన్న జీతం తీసుకుని ఓడిపోయేవాడు. ఎగతాళికి అనడం లేదు, ఆయన ఉద్యోగమే అది. కొత్తగూడెంలో, పాల్వంచ వెళ్లే రోడ్డు పక్కన, టేకు చెట్లు మొదలయ్యే చోట ఒక టెన్నిస్ క్లబ్బు ఉండేది. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, వకీళ్లు, కోస్తా నుంచి వచ్చి భూములు కొని రైసు మిల్లులు పెట్టుకున్న పెద్ద రైతులు అందులో మెంబర్లు. సాయంత్రం తెల్ల నిక్కర్లు వేసుకుని వాళ్లు కార్లు దిగితే, ఎదురెళ్లి బ్యాగులు అందుకుని, ఆడడానికి జత దొరకని మెంబరుకి అవతలి వైపు నిలబడి బంతులు ఇచ్చే మనిషి మా నాన్న. ఆ ఉద్యోగాన్ని మార్కర్ అంటారు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియని వాళ్లకి చెబుతాను. మెంబరు ఎక్కడ నిలబడితే అక్కడికి, ఆయన నడుము ఎత్తుకి, ఆయన పొట్ట వంగే అవసరం లేకుండా బంతి రావాలి. ఆయన కొట్టింది నెట్‌కి తగిలితే "జర్రంతల తప్పింది సార్" అనాలి. లైను బయట పడితే లోపలే పడిందనాలి. ఎప్పుడైనా బంతి రాకెట్‌కి సరిగ్గా తగిలిందంటే, అది చేతికందేదే అయినా, అందనట్టు నాలుగడుగులు ఉరికి, ఆగిపోయి, "షాట్ సార్!" అని కోర్టంతా వినపడేలా అరవాలి. నాన్న గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో పాటలకి పనికొచ్చిన గొంతే, మిగిలిన ఆరు రోజులూ వాళ్ల పొట్టల్ని పొగడడానికి పనికొచ్చేది.

నాకు ఆ 'షాట్' అనే మాటంటే అసహ్యం. ఇప్పటికీ అసహ్యమే. ఇప్పుడు నేను పిల్లలకి ఆట నేర్పుతున్నాను, నా దగ్గర ఎవరైనా ఆ మాట అంటే ఆ రోజుకి ఇంటికి పంపించేస్తాను.

మేము క్లబ్బు వెనక గదిలో ఉండేవాళ్లం. అమ్మ మిషన్ దవాఖానాలో ఆయా. కోర్టు మట్టిది. మొరం మీద ఎర్రమట్టి పరిచి రోలరుతో తొక్కించి చేసింది. శనివారం శనివారం అమ్మా నేనూ పేడనీళ్లతో ఆ కోర్టంతా అలికేవాళ్లం, ఇంటి వాకిలి అలికినట్టే. ఆరాక నాన్న తాడు కట్టి సున్నంతో గీతలు గీసేవాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు పోతుంటే లేచే దుమ్ముకి బంతులు నల్లబడేవి. నల్లబడ్డవి మెంబర్లకి పనికిరావు కాబట్టి మావి అయ్యేవి. ఎండాకాలం తునికి పళ్ల గంపలతో అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు కంచె దగ్గర ఆగి, తమ భాషలో ఏదో అనుకుని, మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయేవాళ్లు. పొద్దున్నే ఒక మనిషి కూతురితో అదే పనిగా బంతి అటూ ఇటూ కొట్టుకోవడం వాళ్లకి నవ్వులాట. నవ్వడం సబబేనని ఇప్పుడనిపిస్తుంది.

మెంబర్లు లేవకముందు, పొద్దున పూట, నాన్న నాకు ఆట నేర్పాడు. ఒక డాక్టరు పారేసిన రాకెట్‌కి పిడి కోసి పొట్టిది చేసి ఇచ్చాడు. నాన్నకి తెలిసింది ఒకటే ఆట. నేను ఎక్కడుంటే అక్కడికి బంతి వచ్చేది. నేను ఎలా కొట్టినా తిరిగి నా రాకెట్‌కే వచ్చేది. నేనూ అలాగే ఆయన చేతికి ఇచ్చేదాన్ని. బంతి చచ్చిపోకుండా చూసుకోవడమే టెన్నిస్ అని నమ్మాను. అమ్మ డ్యూటీకి బయల్దేరేటప్పుడు మొదలైన బంతి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగేది కాదు. "నీ బిడ్డ బాల్ పోనియ్యదు" అని మెంబర్లు మెచ్చుకునేవాళ్లు. నాన్న పొంగిపోయేవాడు. ఆ మెప్పులో ఏముందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

క్లబ్బుకి ప్రెసిడెంట్ ఒక రైసు మిల్లు ఆయన. వాళ్ల తాత కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన భూములు కొన్నారు. మాట తీరు మాత్రం ఇంకా అటువైపుదే. ఆయన కూతురిది నా వయసే. ఆమెని ఛాంపియన్ చెయ్యాలని ఆయనకి పట్టుదల. ఖరీదైన రాకెట్లు, హైదరాబాద్ నుంచి బూట్లు, అన్నీ వచ్చాయి. ఎదురుగా నిలబడడానికి మనిషి కావాలి కదా, నన్ను పెట్టారు. అలా నేను తెలుగు మీడియం ఆరో క్లాసులో ఉండగానే మార్కర్నయ్యాను. ఆ అమ్మాయి చెడ్డది కాదు. చెడ్డదైతే కనీసం నా మొహం చూసేది. "ఇంకొంచెం ఇటు వెయ్యి" అనేది, కుళాయి తిప్పినట్టు. నేను వేసేదాన్ని. గట్టిగా కొడితే అవతలి నుంచి నాన్న కళ్లు పెద్దవి చేసేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఖమ్మంలో జిల్లా సెలక్షన్లు పెట్టారు. గెలిచినవాళ్లు స్టేట్‌కి ఆడతారు. ఆడపిల్లలు పెద్దగా లేరు. ఫైనల్‌కి నేనూ ఆ అమ్మాయే మిగిలాం. ఆ పొద్దున ఆర్టీసీ బస్సులో నాన్న నా పక్కన కూర్చుని, ఎవరైనా వింటారేమోనని వంగి చెప్పాడు.

"బిడ్డా, గా పిల్ల గెలవాలె. ప్రెసిడెంట్ సార్ మస్తు ఆశ పెట్టుకున్నడు. మనకు అన్నం పెట్టే క్లబ్బు. ఎరికైతందా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మాట ఇవ్వలేదు. లోపల మాత్రం ఆమెని నేల మీద కూలబడేదాకా పరిగెత్తించి గెలవాలని గట్టిగా అనుకున్నాను. నా జీవితంలో అంత కసిగా అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

ఆట మొదలయింది. ఆమె కుడివైపు నిలబడి ఉంది, ఎడమవైపు సగం కోర్టు ఖాళీ. నాకు కనిపిస్తోంది. అక్కడ కొట్టాలని తెలుసు. చెయ్యి ఊపాను. బంతి తిన్నగా వెళ్లి ఆమె రాకెట్ ముందు, నడుము ఎత్తున లేచింది. ఆమె కొట్టింది. మళ్లీ ఖాళీ కనిపించింది. మళ్లీ చెయ్యి ఆమెకే ఇచ్చింది. పళ్లు కొరుక్కున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను, ఆమె వైపు చూడకుండా కళ్లు మూసుకుని కొడదామని కూడా చూశాను. అన్నేళ్ల పొద్దుటి పూటలు నా భుజంలో కూర్చుని ఉన్నాయి. ఎంత ఖాళీ ఉన్నా ఆ చెయ్యి మనిషిని వెతుక్కుంటూ పోయేది. అలా బంతులిచ్చి ఇచ్చి, ఆమె చేత బాగా ఆడించి, నేను ఓడిపోయాను.

ప్రెసిడెంట్ గారు స్వయంగా కూల్ డ్రింక్ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "మర్యాద తెలిసిన పిల్లయ్యా. బాగా పెంచావు" అన్నారు నాన్నతో. నాన్న చేతులు కట్టుకుని నవ్వాడు. ఆయన అటు పోగానే నా తల నిమిరి, "శభాష్ బిడ్డా" అన్నాడు.

"నేను కావాలని ఓడలే నాయినా. గెలవాలనే ఆడిన."

"గట్లనే అను. ఎవరడిగినా గట్లనే చెప్పు" అని కన్ను కొట్టాడు.

ఆయన నమ్మలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. కూల్ డ్రింక్ మురిక్కాలవలో పోశాను. ఓడిపోయినందుకు కాదు, ఆ 'శభాష్'కి నాకు తల కొట్టేసినట్టయింది. నా ఆటకి ఆయన ఇచ్చిన మెప్పు అదొక్కటే. నేను కొట్టిన ఏ బంతికీ ఆయన ఎప్పుడూ "షాట్" అనలేదు. ఆ మాట డబ్బున్నవాళ్లది.

ఆ సెలక్షన్లు చూడడానికి హైదరాబాద్ నుంచి ఒక కోచ్ వచ్చాడు. ఓడిపోయిన నన్ను పిలిచి, తమ అకాడమీలో ఉచితంగా హాస్టల్ సీటు ఇస్తానన్నాడు. బంతి తప్పని పిల్ల కావాలట ఆయనకి. నాన్న ప్రెసిడెంట్ గారి అనుమతి తీసుకుని పంపించాడు. నా చదువుకి ఎవరినీ అడగని మనిషి నా ఆటకి ఆయన్ని అడిగాడు.

అకాడమీలో మొదటి నెలలోనే కోచ్ నన్ను నెట్ అవతలికి తీసుకెళ్లి మట్టి మీద నా బంతులు పడ్డ గుర్తులు చూపించాడు. అన్నీ ఒకే చోట, ఒక దుప్పటి పరిచినంత జాగాలో ఉన్నాయి.

"ఇంత కోర్టు పెట్టుకుని నీకు ఈ దుప్పటే కనిపించిందా? ఎవరు నేర్పారమ్మా?"

"మా నాయిన."

"ఏం చేస్తారాయన?"

చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. ఆ నవ్వుని నేను క్షమించలేదు. కానీ అన్నది నిజం. ఆ రోజు నుంచి ఆయన నాకు ఒకటే పని పెట్టాడు. మనిషి లేని చోట కొట్టు. వినడానికి ఎంత తేలిక. ఖాళీలోకి కొట్టిన ప్రతిసారీ నాకు జంకు కలిగేది. పెద్దవాళ్లు పలకరిస్తే జవాబు చెప్పకుండా మొహం తిప్పుకున్నట్టు అనిపించేది. రెండేళ్లు పట్టింది ఆ జంకు కొంత వదలడానికి. పూర్తిగా ఎప్పుడూ వదల్లేదు.

ఒక వేసవి సెలవులకి ఇంటికి వచ్చాను. ప్రెసిడెంట్ గారి అమ్మాయి అప్పటికే టెన్నిస్ వదిలేసి ఎంసెట్ కోచింగ్‌కి విజయవాడ వెళ్లిపోయింది. రాకెట్లు క్లబ్బు బీరువాలో పడున్నాయి. ఆ సాయంత్రం మెంబర్లంతా పేము కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ప్రెసిడెంట్ గారు నన్ను చూసి, "ఏమ్మా ఛాంపియనూ, మాలాంటి వాళ్లతో ఆడవా?" అన్నారు. అందరూ నవ్వారు. నాన్న పరుగున పోయి రాకెట్ తెచ్చి నా చేతికిస్తూ గొణిగాడు.

"చేతికి ఇయ్యాలె, బిడ్డా."

మొదటి బంతి ఆయన ఎడమ మూలకి కొట్టాను. ఆయన కదలనైనా కదల్లేదు. పొరపాటున పోయిందనుకుని నవ్వారు. రెండోది కుడి మూలకి. మూడోది నెట్ దగ్గర చిన్నగా వేశాను, ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి నెట్ పట్టుకుని ఆగారు. తర్వాతది ఆయన తల మీదుగా వెనక్కి. పేము కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. ఆయనతో ఎవరైనా నిజంగా ఆడి ఎన్నేళ్లయిందో. ఆయన చొక్కా తడిసి పొట్టకి అంటుకుంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకా ఆడాలనిపించింది. రాకెట్ నేలకేసి కొట్టి ఆయనే ఆపేశారు.

"ఏంటయ్యా ఇది? పిలిచి మరీ అవమానం చేయించడమా?" నాతో కాదు, నాన్నతో. "పొగరు బాగా నేర్పారు హైదరాబాద్‌లో."

నాన్న వంగి వంగి దండాలు పెట్టాడు. "చిన్నపిల్ల సార్. తెల్వక చేసింది సార్. కోపం చేయకుండ్రి సార్." విరిగిన రాకెట్ ఏరుకుని, తువ్వాలు తెచ్చి ఇచ్చి, కారుదాకా బ్యాగు మోసుకెళ్లాడు. ఆ మరునాడు నాన్నని కోర్టులో అడుగు పెట్టొద్దన్నారు. గేటు దగ్గర కుర్చీ వేసి, చేతికి కర్ర ఇచ్చి వాచ్‌మన్‌ని చేశారు. రోజంతా పరిగెత్తే మనిషిని కూర్చోబెట్టారు.

ఆ మధ్యాహ్నం మా గదిలో గొడవ మామూలుగా జరగలేదు.

"ఏం పాపం చేసిండే గాయన నీకు? నాలుగు బాళ్లు చేతికి ఇస్తే నీ సొమ్మేం పోయె?"

"నేను మార్కర్ని కాదు."

"నేను మార్కర్నే. గా పని మీదనే పెరిగినవ్."

"గందుకే ఓడిపోతున్న. నువ్వు నేర్పిన ఆటకు గెలుపు రాదు. హైదరాబాద్‌ల అందరు నవ్విండ్రు, తెలుసా? కోచ్ సార్ నవ్విండు."

నాన్న అన్నం ముందు నుంచి లేచి బయటికెళ్లి ఆ గేటు కుర్చీలోనే కూర్చున్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతూ నా వైపు చూడకుండా అంది. "నీకేందమ్మా, రేపు బండెక్కి పోతవ్. నీ ఆట నీ వెంట వస్తది. సార్ కోపం మాకు ఉంటది."

ఇలాంటి చోట, ఆ మాటకి గుండె కరిగిందని రాస్తారు. నాకు కరగలేదు. ఒళ్లు మండింది. మర్నాడు కాదు, ఆ సాయంత్రమే మా ఊరి భద్రాచలం రోడ్ స్టేషన్‌కి పోయి రైలెక్కాను. ఏడాది తిరక్కుండానే నాన్నని మళ్లీ మార్కర్‌గా తీసుకున్నారు. దయతో కాదు. అంత చక్కగా ఓడిపోయే మనిషి మెంబర్లకి ఇంకెక్కడా దొరకలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు నేను ప్రొఫెషనల్ ప్లేయర్ని. ఆ మాట వినగానే జనానికి టీవీలో కనిపించే ఆట గుర్తొస్తుంది. పచ్చటి కోర్టులు, చప్పట్లు, కప్పులు. మేమున్నది ఆ మేడకి కింద, పునాదిలో. ఏ ఊళ్లో చిన్న టోర్నమెంట్ ఉంటే ఆ ఊరికి స్లీపర్ క్లాసులో, రాకెట్ల బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకుని పోవడం. రేపు పొద్దున ఎవరితో ఆడాలో ఆ అమ్మాయితోనే ఇవాళ గది పంచుకోవడం, ఒకే బకెట్‌లో స్కర్టులు ఉతుక్కోవడం, ఒకరినొకరు లోపల శపించుకోవడం. స్నేహాలు ఉండేవి అంటారు కొందరు. నాకు ఒక్కటీ లేదు. ముందు క్వాలిఫయింగ్ రౌండ్లు గెలవాలి. అవి గెలిస్తే మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ. అందులో ఒక మ్యాచ్ గెలిస్తే ర్యాంకింగ్ పాయింటు వస్తుంది. పాయింటు లేని మనిషికి టెన్నిస్ లోకంలో పేరు లేదు. నేను ఎన్నోసార్లు మెయిన్ డ్రా గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చాను. ఆట బిగుసుకున్నప్పుడు, భయం పుట్టినప్పుడు, నా చెయ్యి పాత దారి పట్టేది. కోర్టు నాకు దుప్పటంత అయ్యేది. అవతలి అమ్మాయి మెంబరైపోయేది.

చివరికి అకాడమీలో చెప్పేశారు. ఈ సీజన్లో పాయింటు రాకపోతే నా హాస్టల్ సీటు వేరే అమ్మాయికి ఇస్తారు. వాళ్లని అనడానికేమీ లేదు. సీటు పోతే నేను ఇంటికి, అంటే క్లబ్బు వెనక గదికి పోవాలి. అక్కడ నాకు పని కూడా సిద్ధంగా ఉంది. నాన్న ఫోన్‌లో ఆ కబురు ఎంత సంతోషంగా చెప్పాడో.

"ప్రెసిడెంట్ సార్ పాతయన్ని మర్చిపోయిండు బిడ్డా. ఆట అయిపోయినంక మన క్లబ్బుకే తీసుకరా అన్నడు. మెంబర్ల ఆడపిల్లలకు లేడీ మార్కర్ కావాలట. నువ్వైతే మంచిగుంటదన్నడు. మన గది మనకే ఉంటది."

నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత చాలా రోజులు ఆయన చేస్తే నేను ఎత్తలేదు.

ఆ సీజన్ చివరి టోర్నమెంట్ హైదరాబాద్‌లోనే. క్వాలిఫయింగ్ ఎలాగో దాటాను. మెయిన్ డ్రా మొదటి మ్యాచ్ పుణె నుంచి వచ్చిన అమ్మాయితో పడింది. ఆమెకి ర్యాంకు ఉంది, వెంట కోచ్ ఉన్నాడు, వాళ్లమ్మ ఉంది. నాకు ఎవరూ లేరు, అదే నాకు బలం అనుకుంటూ కోర్టులోకి వచ్చేసరికి, ముందు వరుసలో నాన్న కూర్చుని ఉన్నాడు. అమ్మ పంపించింది, గోంగూర తొక్కు, అన్నం డబ్బా ఇచ్చి. క్లబ్బు యూనిఫారం వేసుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, సున్నం పూసినట్టు తెల్లగా చేసిన క్యాన్వాస్ బూట్లు. ఆయనకి ఉన్న మంచి బట్టలు అవే మరి. నేను నవ్వలేదు. పలకరించలేదు.

మొదటి సెట్ నేను గెలిచాను, రెండోది ఆమె. మూడో సెట్‌లో ఎవరూ తగ్గడం లేదు. పట్టుగా ఆడుతున్నాను. అప్పుడు ఆమె ఒక బ్యాక్‌హ్యాండ్ లైను వెంట కొట్టింది. నేను కదిలేలోపే బంతి దాటిపోయింది. మంచి బంతే. కోర్టంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో, చర్చిలో పాడే గొంతుతో, ముందు వరుస నుంచి వినిపించింది.

"షాట్ అమ్మా!"

జనం నవ్వారు. ఆ పుణె అమ్మాయి కూడా నవ్వి, నాన్న వైపు రాకెట్ ఎత్తి థ్యాంక్స్ చెప్పింది. నాన్న కూర్చున్నచోటే వంగి నమస్కారం పెట్టాడు. నా చెవుల్లోంచి వేడి వచ్చింది. తర్వాతి బంతి ఖాళీ మూలకి కొట్టాల్సింది, ఆమె నడుము ఎత్తుకి ఇచ్చాను. తర్వాతదీ అంతే. ఆమె మళ్లీ కొట్టింది.

"షాట్ అమ్మా!"

ఆయనకి తెలియదు. నాకు అర్థమవుతూనే ఉంది ఆయనకి తెలియదని, నోరు దానంతట అది తెరుచుకుంటోందని. నా చెయ్యి లాగే. అది అర్థమయ్యాక నాకు కోపం ఇంకా పెరిగింది. గేమ్ పోయింది. వైపులు మారేటప్పుడు నేను కుర్చీలో కూర్చోకుండా నేరుగా అంపైర్ దగ్గరికి వెళ్లాను.

"ముందు వరుసలో తెల్లబట్టలాయన్ని బయటికి పంపించండి."

అంపైర్ అటు చూశాడు. "ఆ అమ్మాయి తాలూకానా? నిశ్శబ్దంగా ఉండమని చెబుతాలే."

"కాదు, నా తాలూకా. మా నాన్న. ఉండమనొద్దు, పంపించెయ్యండి."

అంపైర్ ఒక్క క్షణం నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా ఒక మనిషిని పంపించాడు. ఆ మనిషి చెవిలో ఏదో చెప్పగానే నాన్న గబుక్కున లేచాడు. ఎందుకని అడగలేదు. లేచి వెళ్లిపొమ్మంటే లేవడం అలవాటైన మనిషి. అంపైర్‌కి ఒక దండం, ఆ పుణె అమ్మాయికి ఒక దండం పెట్టి, అన్నం డబ్బా సంచి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. నా వైపు చూశాడో లేదో నేను చూడలేదు. ఆ పని చేసినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఆయన్ని అక్కడ ఉంచితే ఇద్దరం ఓడిపోయేవాళ్లం.

ఆ తర్వాత ఆట నాకు సరిగ్గా గుర్తులేదు, కోపం మాత్రం గుర్తుంది. ఆ పుణె అమ్మాయి మీద కాదు. ఆ పేము కుర్చీల మీద, కూల్ డ్రింక్ సీసా మీద, 'ఇంకొంచెం ఇటు వెయ్యి' మీద. ఆమె కుడివైపుంటే ఎడమకి, ముందుకొస్తే వెనక్కి, వెనక్కి పోతే ముందుకి. ఒక్క బంతి కూడా చేతికివ్వలేదు. చివరి బంతి ఆమెకి ఎంత దూరంలో పడిందంటే, ఆమె దాని వైపు నడవనైనా నడవలేదు. రాకెట్ కంచెకేసి విసిరికొట్టింది. చెయ్యి కలిపేటప్పుడు నా మొహం చూడలేదు. నాకు పాయింటు వచ్చింది. సీటు నిలిచింది.

బ్యాగు వేసుకుని బయటికి వచ్చాను. నాన్న గేటు దగ్గర ఉన్నాడు. పక్కన వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది, అందులో కూర్చోలేదు. ఎండలో నిలబడ్డాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎవరు?"

"నేనే."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. నా భుజం మీదుగా లోపలికి చూసి, ఎవరూ రావడం లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"గా పిల్లకు కోపమొచ్చిందా?"

అదీ ఆయన అడిగింది. ఎలా గెలిచావని కాదు, ఎందుకు వెళ్లగొట్టావని కూడా కాదు.

"వచ్చింది. రాకెట్ ఇసిరేసింది."

"అయ్యో. లోపలికి పోయి ఒక్క మాట చెప్పి రాపో బిడ్డా. తప్పయిందని చెప్పు. వాళ్లమ్మ గూడ వచ్చింది, నేను చూసిన. పెద్దోళ్ల లెక్కున్నరు."

"ఆ పిల్ల మన క్లబ్బు మెంబర్ కాదు నాయినా. ఎవరేమనరు."

"ఎవరేమనరా?"

"ఏమనరు. గెలిస్తే ఏమనరు ఈడ."

ఆయన నా మొహంలోకి చూశాడు, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. అంత వయసు వచ్చిన మనిషి, బతుకంతా టెన్నిస్ కోర్టులో గడిపిన మనిషి, ఆ సంగతి అప్పుడే మొదటిసారి వింటున్నాడు. "నిజంగనా?" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ప్రెసిడెంట్ గారు అక్కడ ఉంటే ఆయన గొంతు పట్టుకునేదాన్ని, అంత కోపం వచ్చింది.

"సార్‌కు ఏం చెప్పాలె మరి? లేడీ మార్కర్ సంగతి?"

"రానని చెప్పు."

"కోపం చేస్తడు."

"చేయనీ."

నాన్న అన్నం డబ్బా సంచి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి చాపి నా భుజం మీది రాకెట్ల బ్యాగు అందుకోబోయాడు. కారు దిగిన మెంబరు దగ్గర అందుకున్నట్టే, కొంచెం వంగి, నా మొహం చూడకుండా.

నేను ఆ చేతిని విసురుగా తోసేశాను. "దాన్ని ముట్టుకోకు" అన్నాను. "నేను నీ బిడ్డను. మెంబర్ని కాదు."